ఆమె మాటలు నా నోట

ఆమెది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా పై అంతస్తులో అద్దెకు దిగారు. ఆమె, భర్త, ఐదారేళ్ల కూతురు. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి చాలా ఏళ్లయింది. మెట్ల మీద ఎవరో తెలుగులో పిల్లను కసురుతుంటే తలుపు తీసి పలకరించాను. ఆమె మొహం విప్పారింది. ఇక్కడికొచ్చాక భర్త కాకుండా ఇంకొకరితో మాట్లాడటం అదే మొదటిసారట. కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించడమే. హిందీ నేర్చుకోకూడదా అంటే, ఎందుకు నీకు, నేను లేనా అంటాడని నవ్వేసింది.

అతనొక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. మంచి హిందీ, మెత్తని మాట. ఎదురైతే నమస్తే మేడమ్ అని పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు.

ఒక ఉదయం అతను డ్యూటీకి వెళ్లగానే ఆమె మా ఇంటికి వచ్చింది. ఎడమ చెంప వాచి ఉంది. చెవిలో దూది. కూర్చోమన్నా కూర్చోలేదు. అంతకుముందు రోజు పిల్లను చంకనేసుకుని ఒక్కతే పోలీసు చౌకీకి వెళ్లిందట. ఏడుస్తూ తెలుగులో అంతా చెప్పిందట. అక్కడివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె ఫోనులోంచి భర్త నంబరు చూసి, వచ్చి ఈమె ఏమంటోందో చెప్పమని అతన్నే పిలిచారు. అతను వచ్చి కుర్చీలో కూర్చుని ఆమె తరఫున మాట్లాడాడు. ఆ మాటల్లో ఆమెకు అర్థమైంది పాగల్, పిచ్చిది అన్న ఒక్క మాటే. వాళ్లు ఆమెకు మంచినీళ్లిచ్చి, జాలిగా చూసి, అతని బండి మీదే ఇంటికి పంపారు.

"ఆడు ఆళ్లకేటి సెప్పాడో నాకు తెలీదక్కా. నాను సెప్పింది సెప్పినట్టు సెప్పే మనిసి కావాల నాకు," అంది.

ఆఫీసుకు సెలవు పెట్టాను. ముందు ఆస్పత్రికి వెళ్లాం. కర్ణభేరి చిరిగిందన్నారు డాక్టరు. అక్కడి నర్సు చెబితే, ఇలాంటి కేసులు చూసే ప్రభుత్వ అధికారిణి దగ్గరకు వెళ్లాం. ఆవిడకు నా అంత వయసుంటుంది. చాయ్ తెప్పించి, తొందర పెట్టకుండా ఒక్కో సంగతీ అడిగి రాసుకుంది. ఖర్చు లేకుండా వకీలును పెడతామంది. ఇల్లు అద్దెదైనా, భర్త పేరు మీద ఉన్నా ఆమెను అందులోంచి గెంటే హక్కు అతనికి లేదంది. కావాలంటే కోర్టు అతన్నే బయటికి పొమ్మనగలదంది.

అది తెలుగులో చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మళ్లీ అడగక్కా. సరిగ్గా ఇన్నావా?"

మళ్లీ అడిగాను. ఆవిడ మళ్లీ చెప్పింది.

కోర్టులో మమ్మల్ని పిలిచిన రోజున గదిలో కొద్దిమందే ఉన్నారు. ఆమె తెలుగులో చెబుతుంటే నేను, అతను కొట్టాడని ఈమె అంటోంది అని హిందీలో మొదలుపెట్టాను. మేజిస్ట్రేటు ఆపి, ఈమె అంటోంది అనొద్దు, ఆమె ఎలా చెబితే అలాగే చెప్పండి అన్నారు. అప్పట్నుంచి ఆమె దెబ్బలన్నీ నావే అయ్యాయి. ముఝే మారా, నన్ను కొట్టాడు. నా జుట్టు పట్టి ఈడ్చాడు. నా పిల్ల చూస్తుండగా వంటగదిలో పెట్టి గడియ వేశాడు. నా పెళ్లయి ఇన్నేళ్లలో మా ఆయన నన్ను గట్టిగా ఒక మాట అనలేదు. అయినా ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె నోరు విప్పిన ప్రతిసారీ ఆ గదిలో అందరికంటే ముందు అర్థమయ్యేది ఇద్దరికి, నాకూ అతనికీ. నేను హిందీలోకి మార్చే లోపల అతను తలవంచుకునేవాడు.

ఆమెను ముట్టకూడదనీ, ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదనీ ఉత్తర్వు వచ్చింది. అతను సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె ఇల్లంతా కడిగి, కిటికీలన్నీ తెరిచి పెట్టింది. సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుని హిందీ నేర్చుకునేది. బస్సు అడగడం, డాక్టరుకు చెప్పడం, ఇంటి ఓనరమ్మతో మాట్లాడటం. ఆమె తప్పు పలికితే కూతురు పడీపడీ నవ్వేది.

కానీ ఫోన్లు ఆగలేదు. తమ్ముడు చేసేవాడు, పరువు పోతోందని. తల్లి చేసి ఏడ్చేది. అతనే చేసి, తాగుడు మానేశాను, ఫరీదాబాద్‌లో కొత్త ఉద్యోగం దొరికింది, అందరం అక్కడికి పోయి మళ్లీ మొదలుపెడదాం అనేవాడు. అన్నిటికన్నా ఆమెను కుంగదీసింది పిల్ల. పడుకునే ముందు రోజూ, పాపా కబ్ ఆయేంగే, నాన్న ఎప్పుడొస్తాడు అని అడిగేది.

ఒకరోజు, కేసు వెనక్కి తీసుకుంటానంది. నేను చెప్పగలిగిందంతా చెప్పాను. అధికారిణి చెప్పింది. వకీలు చెప్పింది. ఆమె వింది. "పిల్లకి నానేటి సెప్పను?" అని మాత్రం అంది.

మళ్లీ అదే గది. ఎవరైనా బలవంతం చేశారా అని మేజిస్ట్రేటు అడిగారు. లేదు, నా ఇష్టంతోనే అంది ఆమె. అప్నీ మర్జీ సే అన్నాను నేను. ఆయన ఆమెను కాకుండా నన్ను చూశారు. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పడానికే నేను అక్కడ నిలబడ్డాను. అంతకు మించి ఒక్క మాట కూడా కలపలేదు. బయట అతను నాకు నమస్కారం పెట్టాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా అతని వెంట నడిచింది.

ఫరీదాబాద్ వెళ్లాక కొన్నాళ్లకే ఆమె ఫోను కలవడం మానేసింది.

చలికాలం వచ్చాక ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఫరీదాబాద్‌లో ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం నుంచి ఒక కౌన్సెలరు. ఆమె అక్కడుందట, నన్ను రమ్మందట. మెట్రో ఎక్కి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉంది. మణికట్టుకు బ్యాండేజీ. బాగా చిక్కిపోయింది. కూతురు ఆమెను ఆనుకుని కూర్చుని తలెత్తలేదు. కౌన్సెలరు నన్ను పక్కకు పిలిచి, ఎవరి సాయమూ లేకుండా తనే వచ్చి హిందీలో అంతా చెప్పిందని మెచ్చుకోలుగా అంది.

లోపలికి వచ్చి పక్కన కూర్చున్నాను. ఏం జరిగిందో నాకు కూడా చెప్పడం మొదలుపెట్టింది, హిందీలో. నేను తెలుగులో అడుగుతున్నా ఆమె హిందీలోనే చెబుతోంది. లింగాలన్నీ తారుమారు. క్రియలు విరిగి ఉన్నాయి. కొట్టడం, తోసెయ్యడం, బంధించడం, ఆ మాటలు మాత్రం ఎక్కడా తడబడలేదు. తెలుగులో చెప్పమ్మా అన్నాను.

"తెలుగులో అయితే ఏడుపొచ్చేస్తాదక్కా. ఇందీలో అయితే సెప్పీగలను," అంది.

నేనే ఏడ్చాను. ఆమె దెబ్బ తగలని చేత్తో నా వీపు రాస్తూ కూర్చుంది.

ఈసారి కేసు ఫరీదాబాద్ కోర్టులో వేశారు. దగ్గరికి రాకూడదని అతనికి మళ్లీ ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని కాదని ఒకసారి ఆమె కొత్తగా అద్దెకు తీసుకున్న గది ముందుకొచ్చి నిలబడితే, ఆమె ఫోను చేసింది, పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. చౌకీలో ఏం జరిగిందో ఆమే చెప్పుకుంది. ఇప్పుడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. ఒక్క గదిలో తల్లీ కూతురూ. పుట్టింటివాళ్లు మాట్లాడటం మానేశారు. పండగకు తనే ఫోను చేస్తే తమ్ముడు ఎత్తలేదట.

వాయిదా ఉన్న రోజుల్లో నేను సెలవు పెట్టి వెళ్లి పిల్ల దగ్గర ఉంటాను. అది ఇప్పుడు నాన్న ఎప్పుడొస్తాడని అడగదు. మొన్న బొమ్మకు రంగులేస్తూ, "ఆంటీ, మేరీ వజహ్ సే హుఆ నా?" అంది. నా వల్లే కదా ఇదంతా అని. ఆ పిల్లకు అంత చిన్న వయసులో ఆ మాట ఎవరు చెప్పారో, తనే అనుకుందో తెలియదు. కాదు బేటా, నీ వల్ల కాదు అన్నాను. నమ్మినట్టు లేదు. తల ఊపి, మళ్లీ రంగులేసుకోవడంలో పడింది.