ఆంగ్ మో కియోలో నేను తోమిన టీపాట్

సింగపూర్‌లో ఏమేం చూశారని అడిగినవాళ్ళకి సెంటోసా దీవి పేరూ, పక్షుల పార్కు పేరూ చెప్పి తప్పించుకుంటున్నాను. నిజానికి ఆ తొమ్మిది రోజుల్లో నేను బాగా చూసింది మా తోడల్లుడి వంటింటి సింకు. అక్కడ చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నా తెలివితక్కువతనాన్ని ఇలా అచ్చులో ఆరేసుకోవడం ఎందుకంటే, నా తర్వాత వెళ్ళేవాళ్ళకైనా పనికొస్తుందని. ఆ ఊళ్ళో మీరు ఏదైనా తోమండి, మట్టి టీపాట్ మాత్రం తోమకండి.

కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచిపోయి, పేరు చివర డాట్ కామ్ తగిలించుకున్న ప్రతి కంపెనీకీ పెళ్ళికళ వచ్చిన రోజులవి. మా తోడల్లుడు ప్రసాద్ ఆ గండం పుణ్యమా అని సింగపూర్ చేరి మూడేళ్ళయింది. మా మరదలు లలితకి కూడా ఈమధ్యే అక్కడ ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. దసరా సెలవులకి రమ్మని టికెట్టు పంపారు. మా ఆవిడకి సెలవు దొరక్క, తెనాలి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే నేను, ఆవిడ కట్టిచ్చిన ఆవకాయ డబ్బాతో ఒంటరిగా బయల్దేరాను.

గురువారం రాత్రి తెనాలిలో రైలెక్కితే తెల్లారి మద్రాసు. పగలంతా బంధువుల ఇంట్లో గడిపి, రాత్రి విమానం. పక్క సీట్లో మెడకి కొత్త టై బిగించుకున్న కుర్రాడు.

“అంకుల్, మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తారు?” అన్నాడు.

“ఒకటో నంబరు మీద బాబూ. మద్రాసు బండి దానిమీదికే వస్తుంది,” అన్నాను.

ఆ తర్వాత అతను దిగేదాకా నాతో మాట్లాడలేదు. కంప్యూటర్లవాళ్ళకి రైళ్ళవి కాని ప్లాట్‌ఫాములు వేరే ఉంటాయని ప్రసాద్ చెప్పాక తెలిసింది. పరువు పోగొట్టుకోవడానికి నేల మీద దిగేదాకా ఆగలేదు నేను.

శనివారం పొద్దున ఏడింటికి, నాకోసం విమానాశ్రయానికి వచ్చిన ప్రసాద్‌తో కలిసి టాక్సీలో ఆంగ్ మో కియో చేరాం. పెద్ద పెద్ద ప్రభుత్వ ఫ్లాట్ల ఊరు అది. తొమ్మిదో అంతస్తులో ప్రసాద్ వాళ్ళిల్లు, ఎదురుగా గోహ్ ఆంటీ ఇల్లు. డెబ్భై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ప్రసాద్ కూతురు శ్రావ్య బడి నుంచి వచ్చాక, తల్లిదండ్రులు తిరిగొచ్చే దాకా ఆవిడ దగ్గరే తిండీ, హోంవర్కూ, కోపాలూ అన్నీ. ఆవిడ ఉండబట్టే లలిత ఉద్యోగం చేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం ఆంటీ నన్ను చూడ్డానికి వచ్చింది. నేను టీ లేకపోతే క్లాసులోకి అడుగుపెట్టనని ప్రసాద్ ముందే ఊదరగొట్టాడట. ఆవిడ కాగితంలో చుట్టిన టీ ఆకూ, పిడికిలంత మట్టి టీపాటూ నా చేతిలో పెట్టి, పాట్ వాడుకుని సాయంత్రం ఇమ్మని సైగలు చేసి, తన ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పింది. ‘ఊలాంగ్’ అన్న మాట తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటం వేసి, అన్నింటికీ తల ఊపాను. అర్థం కాకపోయినా తల ఊపే విద్య ఇరవయ్యేళ్ళుగా నా విద్యార్థులు నాకు నేర్పుతూనే ఉన్నారు.

ఆవిడ వెళ్ళాక మూత తీసి చూద్దును కదా, లోపలంతా నల్లటి మడ్డి. పాపం, పెద్దావిడకి చూపు ఆనడం లేదు, తోమిపెట్టే దిక్కు లేదు అనుకున్నాను. సబ్బూ, ఆకుపచ్చ పీచూ తీసుకుని సింకు దగ్గర నిలబడ్డాను. సబ్బు అందించింది ప్రసాదే.

“అన్నయ్యగారూ, మూల్లో ఇంకా నల్లగా ఉంది. గట్టిగా పట్టించండి,” అని మెచ్చుకోలుగా అన్నాడు.

అరగంట రుద్దేసరికి పాట్ లోపల కొత్త ఇటుకలా మెరిసింది. మనవాళ్ళు పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. కూర వస్తే గిన్నెలో నాలుగు అరిసెలో, కనీసం చారెడు పంచదారో వేసి పంపుతారు. అంచేత నేను ఆవిడిచ్చిన ఆకునే చిక్కటి పాలల్లో వేసి, అల్లం దంచి, యాలకులు కొట్టి, పంచదార దండిగా వేసి తుకతుకలాడించి, ఆ పాట్ నిండా పోసి ఎదురింటి ఇనుప గేటు దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆంటీ మూత తీసింది. వాసన చూసింది. పాట్ అంచు లోపలి వైపు వేలితో ఒకసారి రాసి చూసింది.

“వాష్ ఆల్రెడీ?”

“యెస్ ఆంటీ! ఫుల్ క్లీన్!” అన్నాను, బహుమతి అందుకునేవాడిలా.

“నెవర్ మైండ్,” అంది ఆవిడ. చప్పుడు కాకుండా గేటు వేసుకుంది.

నెవర్ మైండ్ అంటే ‘పర్వాలేదు’ అని ఏ డిక్షనరీలో అయినా ఉంటుంది. డిక్షనరీలు గేటు దగ్గర నిలబడి ఆ మొహం చూసి రాసినవి కావు.

సోమవారం శ్రావ్య బడి నుంచి నేరుగా ఇంటికే వచ్చేసింది. ఒంట్లో బాగాలేదు, ఇకమీదట చూసుకోలేను అని ఆంటీ గేటు లోంచే చెప్పిందట.

“పెదనాన్నా, దట్ వన్ గోహ్ అంకుల్ టీపాట్ లా! అంకుల్ చచ్చిపోయారు. ఆంటీ ఎవ్రీ మార్నింగ్ ఆ పాట్‌తో అంకుల్ ఫొటోకి టీ పెడుతుంది. యూ డోంట్ నో ఆ?” అంది శ్రావ్య, ఆ ఊరి యాసలో మాట చివర ‘లా’లూ, ‘ఆ’లూ తగిలించి.

నాకు తెలీదు. తల మాత్రం ఊపాను కదా! ఆవిడ నిన్న అంతసేపు చెప్పింది అదే అయ్యుండాలి.

సాయంత్రం లలిత బ్యాగు కూడా దించకుండా కుర్చీలో కూర్చుంది. “మీరు వచ్చే ఆదివారం వెళ్ళిపోతారు బావగారూ. తర్వాత దీన్ని ఎవరు చూస్తారు? ఇద్దరిలో ఒకరం ఉద్యోగం మానాలి. ఆ ఒకరు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదుగా.” కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఆ పాపంలో పాలు అక్షరాలా నావే, నీళ్ళు కూడా కలపని పాలు. ప్రసాద్ మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఫోనులో ముగ్గురు స్నేహితులకి చెప్పాడు. “మా అన్నయ్యగారు ఫిజిక్సు కాదురా, కెమిస్ట్రీ చేశారు!” సబ్బు అందించిన చెయ్యి ఎవరిదన్నది ఆ మూడు కథనాల్లోనూ రాలేదు.

మంగళవారం తొమ్మిదిన్నరకి చైనాటౌన్ బయల్దేరాను. వెళ్ళేవాళ్ళకి దారి: ఆంగ్ మో కియోలో రైలెక్కి రాఫెల్స్ ప్లేస్‌లో మారి, ఊట్రమ్ పార్క్‌లో దిగి పది నిమిషాలు నడవాలి. దారిలో ఎవరిని టీ కొట్టు అడిగినా కాఫీ కొట్టే చూపిస్తారు. టీ ఆకు అమ్మే దుకాణం అని అడగాలి.

పెద్ద పెద్ద రేకు డబ్బాలు వరసగా పేర్చిన దుకాణం ఒకటి దొరికింది. యజమాని యాభయ్యేళ్ళవాడు, బొద్దుగా ఉన్నాడు. ఒక చేత్తో కెటిలూ, ఒక చేత్తో సెల్‌ఫోనూ. షేర్ల ధరలు కనుక్కునే సందుల్లో నాకు టీ చెప్పాడు. ఇలా ఒక టీకి టీకా తాత్పర్యాలు వినడం నా జన్మలో అదే మొదలు. కోసిన ఆకుకి వెంటనే వేడి చూపిస్తే గ్రీన్ టీ, పూర్తిగా ఎర్రబడనిస్తే మనం తాగే టీ. ఊలాంగ్ ఆ రెంటికీ మధ్యది. వెదురు చేటల్లో ఆకుని కుదిపి కుదిపి అంచులు కమిలేలా చేస్తారు. అంచు ఎర్రబడి నడుమ ఇంకా పచ్చగా ఉండగానే ఆపి, వేడి చూపించి, మిరియాల కన్నా కాస్త పెద్ద ఉండలుగా చుడతారు. పాతకాలం పద్ధతిలో అయితే చివర నిప్పుల సెగ మీద కాలుస్తారు కూడా. కొనేటప్పుడు పచ్చిదా, కాల్చినదా అని అడగాలి. పెద్దవాళ్ళు తాగేది కాల్చినది. రుచి చూడకుండా కొనకూడదు, తాగాక పాట్‌లో ఆకు చూడకుండా అసలు కొనకూడదు. ఆకు చినక్కుండా విచ్చుకుని, అంచున ఎరుపు కనిపించాలి. అంచుల్లో ఎర్రబడటం ఆ వారమంతా నా చెవులు కూడా చేస్తూనే ఉన్నాయి.

అతను చిన్న పాట్‌లో మూడో వంతు ఆకు వేసి, సలసల కాగే నీళ్ళు పోసి, వెంటనే కప్పుల్లోకి వంచాడు. నేను గబుక్కున ఒకటి తీసుకుని తాగేశాను.

“అయ్యో! వాష్ ఓన్లీ లా! నాట్ డ్రింక్!”

మొదటి నీళ్ళు ఆకు దుమ్ము పోవడానికీ, కప్పులు వెచ్చబడటానికీ అట. కడిగేదాన్ని తాగేశాను, తాగేదాన్ని కడిగేశాను. ఇక మిగిలిందేముంది?

రెండోసారి పోసిన నీళ్ళు అరనిమిషం ఉంచి వంచాడు. కాల్చిన వేరుశనగ పొట్టు వాసన, కాస్త వగరు. మింగాక కాసేపటికి గొంతులో తీపి తేలింది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినట్టు. పంచదార లేకుండా టీ తియ్యగా ఉండటం నా అనుభవంలో లేదు. ఆ ఆకుతోనే ఆరు సార్లు కాచాడు. పేరులోనే లాంగ్ ఉంది కదా, ఎంతకీ అయిపోదు!

ఆ మంచి మాటల్లో పడి అసలు సంగతి చెప్పాను. సబ్బు అనగానే అతను ఫోను చెవి మీంచి తీసేశాడు. లోపలికి కేకేసి వాళ్ళావిడని పిలిచాడు.

“మిస్టర్, యూ సే అగైన్. స్లోలీ.”

మళ్ళీ చెప్పాను, నెమ్మదిగా. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పీచు ఏ రంగుదని అడిగింది. ఆకుపచ్చ అన్నాను. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ మట్టికి పింగాణీ పూత ఉండదట. ఏళ్ళ తరబడి పోసిన టీని అది తాగుతూ వస్తుంది. ఒట్టి వేణ్ణీళ్ళతో తప్ప దేంతోనూ కడగరు. నేను మడ్డి అనుకున్నది గోహ్ అంకులూ, ఆయన భార్యా కలిసి తాగిన టీ మొత్తం. దారి లేదా అని అడిగాను. ఉంది, నీళ్ళల్లో ఉడికించి, సబ్బు వదిలాక, అదే రకం టీ అందులో మళ్ళీ మళ్ళీ కాయాలి, పిల్లల్ని పెంచినట్టు పెంచాలి అన్నాడు. ఎన్నాళ్ళు అంటే భుజాలెగరేశాడు. కాల్చిన ఊలాంగ్ కొన్నాను. ధర తెనాలిలో మా నెల పాల ఖర్చంత ఉంది. ఆ పోలిక తోచినందుకు కూడా సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రమంతా స్టీలు గ్లాసుల్లో సాధన చేశాను. బుధవారం పదింటికి ఎదురింటి గేటు తట్టాను.

“ఆంటీ, ఐ మేక్ టీ. ఫర్ యూ. నో మిల్క్,” అన్నాను.

ఆవిడ నన్నూ, నా చేతిలో పొట్లాన్నీ చూసి, గేటు తీసింది. లోపల కిటికీ దగ్గర వార్తాపత్రిక మీద పాట్ బోర్లించి ఉంది. ఎన్నిసార్లు ఉడికించిందో, పక్కనే గిన్నె నిండా నీళ్ళు. గోడ మీది అరలో గోహ్ అంకుల్ ఫొటో, ముందు ఖాళీ కప్పు. మూడు రోజులుగా ఆయనకి టీ లేదన్నమాట.

ఆ పాట్ అందుకున్నాను. ఆకు వేశాను, మొదటి నీళ్ళు కప్పుల మీద పోసి పారబోశాను. రెండో నీళ్ళు పోసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, కప్పులన్నింటిలో ఒకే చిక్కదనం ఉండేలా వరసగా తిప్పుతూ వంచాను. ఆవిడ మొదటి కప్పు తీసుకెళ్ళి ఫొటో ముందు పెట్టింది. తర్వాత తన కప్పు ఎత్తి చప్పరించింది.

“స్టిల్ గాట్ సోప్,” అంది.

నేను తల దించుకున్నాను.

“లిటిల్ బిట్,” అని మళ్ళీ చప్పరించింది. ఆరో సారి నీళ్ళయ్యేదాకా కూర్చోబెట్టింది. లేచేటప్పుడు అంది: “ద గర్ల్ ఫినిష్ స్కూల్, టెల్ హర్ కమ్. ఐ కుక్ నూడుల్స్ ఆల్రెడీ.”

సాయంత్రం లలితకి చెబితే, చేతిసంచీ పక్కన పెట్టి లేచి, “కాఫీ తాగుతారా బావగారూ?” అంది. నా సింగపూర్ యాత్రలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే.

గురువారం నుంచి శనివారం దాకా పదింటికల్లా ఎదురింట్లో హాజరు. లిటిల్ ఇండియా చూడలేదు, జంతు ప్రదర్శనశాల చూడలేదు. శనివారం ఆంటీ అంది: ఈ పాట్ రోజూ టీ తాగాలి, నేనొక్కదాన్నీ ఆరేసి సార్లు తాగలేను, నువ్వు వెళ్ళిపోతున్నావు.

సరిగ్గా అప్పుడు, మా ఇంటి వైపు నుంచి ప్రసాద్ ఫోనులో నాలుగో స్నేహితుడికి ‘కెమిస్ట్రీ’ కథ చెబుతున్న నవ్వు వినిపించింది.

“ఆంటీ, ప్రసాద్ వెరీ వెరీ ఇంట్రెస్టెడ్. వాంట్ టు లెర్న్. టూ షై టు ఆస్క్,” అన్నాను. “సండే మార్నింగ్, సిక్స్ థర్టీ, హిజ్ బెస్ట్ టైమ్.”

ఆదివారాల్లో పదకొండింటి దాకా ప్రసాద్ లేచిన దాఖలా లేదు. ఆంటీ మొహం విప్పారింది.

ఆదివారం ఆరున్నరకి గేటు చప్పుడైంది. నా విమానం పదింటికి. ఆవిడ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడితే కాదనే ధైర్యం లలిత ఉద్యోగం కావాలనుకునే ఏ భర్తకీ ఉండదు. ప్రసాద్ లుంగీతోనే ఎదురింటికి వెళ్ళాడు. నన్ను సాగనంపడానికి లలితా, శ్రావ్యా వచ్చారు.

విమానాశ్రయంలో లలిత ఫోను మోగింది. నాకిచ్చింది.

“అన్నయ్యగారూ,” ప్రసాద్ గుసగుసలాడుతున్నాడు, “నాలుగోసారి నీళ్ళు పోస్తోంది. వచ్చే ఆదివారం కూడా రావాలంట. ఏం చెప్పారు మీరు ఈవిడకి?”

“ఏం లేదు తమ్ముడూ. ఆరోది అయ్యాక ఏడోది కూడా అడుగు. అడిగితే సంతోషిస్తుంది.”

అవతల ఆంటీ గొంతు వినిపించింది, “ప్రసాద్ ఆ! డ్రింక్! డోంట్ టాక్!”

ఫోను లలితకిచ్చేసి, సామానెత్తుకుని లోపలికి నడిచాను.