డ్యూటీలో పోయిన ఐదు ఓట్లు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో, చెన్నై పెరంబూరులోని ఒక కార్పొరేషన్ పాఠశాలలో జరిగే వేసవి శిబిరానికి నన్ను బాధ్యురాలిగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను తాలూకా ఆఫీసు ఎన్నికల విభాగంలో డిప్యూటీ తహసీల్దారుని. ఓటర్ల జాబితా సవరణలు చూడటం, పోలింగ్ సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, ఓటింగ్ యంత్రాలు గోదాము దాటింది మొదలు మళ్లీ గోదాము చేరేదాకా వాటి వెంట తిరగడం నా పని. ఎన్నికలు లేని ఏడాది మా విభాగం వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారని మిగతా ఆఫీసుకి గట్టి నమ్మకం. అందుకే ఇలాంటివన్నీ మా నెత్తిన పడేవి.

తొమ్మిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా చదివే పిల్లలకి ప్రభుత్వం ఎలా నడుస్తుందో, ఎన్నికలు ఎలా జరుగుతాయో రెండు వారాలపాటు నేర్పాలన్నది ఉత్తర్వు సారాంశం. అరవై మంది దాకా చేరారు. అగ్నినక్షత్రం అని అక్కడ పిలిచే మే నెల ఎండల్లో ఫ్యాను కింద కూర్చోవచ్చని కొందరు, పదకొండింటికి మజ్జిగ ఇస్తారని కొందరు వచ్చారని నాకు అనుమానం. మొదటి మూడు రోజులు పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా పాఠం చెప్పాను. పిల్లలు ఎంతో మర్యాదగా ఆవలించారు. నాలుగో రోజు పాఠం కట్టిపెట్టి, శిబిరాన్నే ఒక వార్డు అనుకుని దానికో అధ్యక్షుణ్ణి ఎన్నుకుందాం రండి అన్నాను. అందరూ నిటారుగా కూర్చున్నారు.

వాళ్లు అంత హుషారు పడటానికి ఒక కారణం ఉంది. ప్రారంభోత్సవానికి వచ్చిన కార్పొరేషన్ జోనల్ అధికారి, శిబిరం తరఫున ఒక్క విన్నపం తీసుకువస్తే తన చేతిలో ఉన్నంతవరకు జరిపిస్తానని మైకులో మాటిచ్చారు. సభల్లో అందరూ అనే మాటే అది. పిల్లలు మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నారు. గెలిచినవాళ్ల విన్నపమే ఆయన దగ్గరికి వెళ్తుందని నేను తీర్మానించాను.

నామినేషన్లు వేసిన వాళ్లలో పరిశీలనకీ ఉపసంహరణకీ నిలబడి మిగిలింది ఇద్దరు. శిబిరమంతా అరవంలో సాగుతుంటే ఆ ఇద్దరూ తెలుగువాళ్లే కావడం నాకు లోలోపల సరదాగానే ఉండేది. ఒకతను చైతన్య, జూన్‌లో ప్లస్ వన్‌కి, అంటే ఇంటర్ మొదటి ఏడాదికి వెళ్తాడు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి విజయవాడ నుంచి వస్తే వెంట వచ్చాడు. రెండేళ్లలో క్రికెట్ ఆడుతూ ఆడుతూ అరవం నేర్చేసి, పాఠశాల వెనకాల ఉన్న కార్పొరేషన్ మైదానంలో జట్టు నాయకుడైపోయాడు. మైదానంలో సిమెంటు పిచ్ వేయించాలన్నది అతని విన్నపం.

రెండో అభ్యర్థి కౌసల్య, తనూ ప్లస్ వన్నే. వాళ్ల తాత రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మూడు తరాలుగా వాళ్లది పెరంబూరే, మాట్లాడే తెలుగులో అరవం 'దా'లు దొర్లుతుంటాయి. ఆడపిల్లల త్రోబాల్ జట్టుకి కెప్టెన్. వాళ్ల బడి ఆవరణ కొత్త భవనం కోసం తవ్వేశారు. ఇక మిగిలింది ఈ మైదానం. ఇక్కడ వల కట్టిన ప్రతిసారీ క్రికెట్ బంతి వచ్చి మధ్యలో పడుతుంది, వెనకే పదిమంది పరుగెత్తుకొస్తారు. జులైలో జిల్లా సెలక్షన్లు. ఆ ఏడాది ఎంపిక కాకపోతే మరుసటి ఏడాది ప్లస్ టూ, ఇంట్లో ఆట మాట ఎత్తనివ్వరు. వారానికి రెండు సాయంత్రాలు మైదానం ఆడపిల్లలకి ఇవ్వాలన్నది ఆమె విన్నపం. ఆమెకి అది ఉత్తి శిబిరం ఆట కాదని నాకు మొదటి రోజే అర్థమైంది.

గుర్తుల కేటాయింపులో చైతన్య బ్యాట్ కోరుకున్నాడు, అది ఊహించిందే. కౌసల్య కిటికీ తీసుకుంది. జాబితాలో గీయడానికి అన్నిటికంటే తేలిక అదేనట.

తర్వాత పోలింగ్ సిబ్బంది నియామకం. ఒక పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారి పెద్ద. ఆయన కింద ఓటరు పేరు చూసి టిక్కు పెట్టేవారొకరు, వేలికి సిరా పూసి సంతకం తీసుకునేవారొకరు, యంత్రం మీట నొక్కి ఓటు విడుదల చేసేవారొకరు. వరస చూడటానికి ఇంకొకరు. శిక్షణ కోసం పసుపు చీటీ అంటించి పక్కన పెట్టిన యంత్రం ఒకటి నేను తెచ్చాను. ఈ పనులకి ఎవరు ముందుకొస్తారని అడిగితే, చెయ్యెత్తింది ఐదుగురు. ఐదుగురూ కౌసల్య జట్టు పిల్లలే. బుద్ధిగా పని చేసే పిల్లలు ఎక్కడైనా అలాగే ఇరుక్కుంటారు. ప్రిసైడింగ్ అధికారి నందిని అయితే, లక్కతో సీలు వేయడం నేర్చుకున్న రోజు ఇంట్లో పచ్చడి జాడీలకి కూడా సీలు వేసి వాళ్లమ్మ చేత చీవాట్లు తిన్నది.

డ్యూటీలో ఉన్నవాళ్ల ఓటు సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. బయటివాళ్లకి ఇది అంతగా తెలియదు. పోలింగ్ రోజు మనల్ని వేరే చోట కూర్చోబెడితే మన బూత్‌కి వెళ్లి ఓటు వేయలేం. అందుకని ముందే దరఖాస్తు పెట్టుకుంటే పోస్టల్ బ్యాలెట్ ఇస్తారు. డ్యూటీ మన నియోజకవర్గంలోనే పడితే, పని చేసే బూత్‌లోనే ఓటు వేసుకునేలా ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే అదే బూత్‌లో కూర్చున్నా ఓటు లేదు. గడువు దాటితే ఏదీ లేదు. ఊరందరి చేతా ఓటు వేయించి, సొంత ఓటు పోగొట్టుకుని ఇంటికి వెళ్లే ఉద్యోగులు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. మా ఆఫీసులో అదొక శాశ్వతమైన పరిహాసం.

శిబిరంలోనూ అదే పద్ధతి పెట్టాను. శుక్రవారం పోలింగ్. డ్యూటీ వాళ్లు గురువారం మధ్యాహ్నం భోజనాల లోపు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు ఇవ్వాలని రెండుసార్లు ప్రకటించాను. ఆ రెండుసార్లూ ఐదుగురూ యంత్రం చుట్టూ మూగి, నమూనా పోలింగ్‌లో వేసిన ఓట్లు చెరిపేశామా లేదా అని వాదించుకుంటున్నారు.

గురువారం భోజనాలయ్యాక చైతన్య వచ్చాడు. పోలింగ్ సిబ్బంది మొత్తం ఎదుటి అభ్యర్థి మనుషులేనని అభ్యంతరం చెప్పాడు. న్యాయమైన అభ్యంతరమే. మీ వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని పంపు, మార్చేస్తాను అన్నాను. అతను వెళ్లి అడిగి వచ్చాడు. పోలింగ్ అయ్యేదాకా కుర్చీలో కూర్చోవడానికి ఒక్కడూ ఒప్పుకోలేదట. అలా చెబుతూనే గోడకి అంటించిన డ్యూటీ జాబితా వైపు చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"పర్లేదండి మేడం, వాళ్లనే ఉంచెయ్యండి. చాలా సిన్సియర్ అండి వాళ్లు," అన్నాడు.

అంత ఉదారంగా అభ్యంతరం వెనక్కి తీసుకున్న అభ్యర్థిని నా సర్వీసులో చూడలేదు. నేనూ జాబితా చూశాను. ఐదు పేర్ల ఎదురుగానూ సర్టిఫికెట్ గడి ఖాళీగా ఉంది. ఐదుగురిలో ఎవరి దరఖాస్తూ నా దగ్గరికి రాలేదు.

ఇంకాసేపటికి కౌసల్య పరుగున వచ్చింది. చైతన్య నవ్వు మైదానం దాకా పాకినట్టుంది.

"మేడం, మా పిల్లలు ఐదు మందీ ఆడ డ్యూటీలో కూర్చోనుంటే నాకు ఓటు ఎవురేస్తారు? ఒక్క గంట లేటు దా మేడం. ఇప్పుడు రాసిస్తారు, తీసుకోండి."

గడువు అయిపోయిందని చెప్పాను.

"ఇది గేమ్ కదా మేడం," అంది.

"గేమ్ అయితే ఓడిపోయినా నష్టం లేదు కదమ్మా," అన్నాను.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ బాధేసింది. ఆ ఐదు కాగితాలు తీసుకుంటే అడిగే నాథుడు లేడు. కానీ గడువు దాటాక వచ్చిన కాగితం ఎవరిదైనా సరే తీసుకోకూడదని నాలుగు రోజులుగా వాళ్లకి చెబుతున్నది నేనే. ఇంతలో నందిని వచ్చి తాను డ్యూటీ మానేస్తానంది. అనారోగ్యమైతే తప్ప రద్దు చేయడానికి వీల్లేదన్నాను. రేపు తనకి జ్వరం వస్తుందని చెప్పింది. డ్యూటీ ఉత్తర్వు అందిన మర్నాడే గుండెనొప్పి రావడం మా శాఖలో మామూలేననీ, మెడికల్ బోర్డు ముందుకి పంపుతామనగానే తగ్గిపోతుందనీ, ఆమెనీ అలాగే పంపుతాననీ చెప్పాను. జ్వరం ఆలోచన మానుకుంది.

ప్రచారం సాయంత్రం ఐదింటికి ముగియాలి. అప్పటిదాకా కౌసల్య ప్రచారమంటే తన జట్టు పిల్లలతోనూ వాళ్ల స్నేహితురాళ్లతోనూ కూర్చుని, మన వాళ్లు ఇంతమంది అని లెక్క వేసుకోవడమే. ఆ లెక్క ఇప్పుడు చెడిపోయింది. ఆమె కళ్లు తుడుచుకుని తిన్నగా మైదానంలోకి వెళ్లింది. నేను వరండాలోంచి చూస్తూ నిలబడ్డాను.

మైదానంలో చైతన్య జట్టు ఆడుతోంది. బ్యాటు పట్టుకునేది ఎప్పుడూ ఆ పదకొండు మందే. చుట్టూ ఎండలో నిలబడి బంతి ఏరుకొచ్చే పిల్లలు మాత్రం ఇంకో డజను మంది ఉంటారు. తొమ్మిది, పది తరగతుల వాళ్లు. ఏదో ఒక రోజు బ్యాటింగ్ వస్తుందన్న ఆశతో సెలవులన్నీ ఫీల్డింగ్ చేసేవాళ్లు. వాళ్లూ శిబిరంలో ఓటర్లే. కౌసల్య గోడవార ఉన్న నీడలో కూర్చుని, బంతి కోసం అటు వచ్చినవాణ్ణల్లా ఆపి మాట్లాడింది. ఏం మాట్లాడిందో తర్వాత వాళ్లే చెప్పారు. మొదట, ఎన్నాళ్లుగా ఫీల్డింగ్ చేస్తున్నావని అడిగిందట. తర్వాత, త్రోబాల్‌కి సగం మైదానం చాలునని, ఆ రెండు సాయంత్రాలూ మిగతా సగంలో ఇంతవరకు బ్యాటింగ్ దొరకని వాళ్లే ఆడుకునేలా విన్నపంలో రాయిస్తానని చెప్పిందట. వాళ్లు నమ్మలేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చి, విన్నపం మార్చి రాసి, ఐదింటి లోపు నోటీసు బోర్డు మీద పెట్టించింది. గడువుకి ఇంకా టైముంది గనక నేను తీసుకున్నాను.

శుక్రవారం పోలింగ్ దివ్యంగా జరిగింది. నందిని కుర్చీలో కూర్చోగానే మనిషి మారిపోయింది. తనతో ఒకే బెంచీలో కూర్చునే కౌసల్యని గుర్తింపు కార్డు అడిగింది. కార్డు ఇంట్లో మరిచిపోయానంటే, తెచ్చుకో పో అని వెనక్కి పంపింది. క్రికెట్ జట్టు ఆట మధ్యలో బ్యాట్లతో సహా ఓటుకి వస్తే, అభ్యర్థి గుర్తు కేంద్రంలోకి తేకూడదని బయట పెట్టించింది. అలాగైతే కిటికీలు కూడా బయట పెట్టండని చైతన్య జట్టులో ఒకడు అడ్డం తిరిగాడు. ఓటు వేసే మరుగు పక్క కిటికీలు నిబంధన ప్రకారం అప్పటికే మూసి ఉన్నాయి. మిగిలినవాటికి నందిని పాత పేపర్లు అంటించింది. ఆ వేడికి అందరం చెమటతో తడిసిపోయాం గానీ ఎవరూ నోరెత్తలేదు.

కౌసల్య మూడు ఓట్ల తేడాతో గెలిచింది. చైతన్య మళ్లీ లెక్కించమన్నాడు. యంత్రంలో మళ్లీ లెక్కించడమంటే ఫలితం మీట ఇంకోసారి నొక్కడమే. నొక్కి చూపించాను. అతను ఆ అంకెల్ని చాలాసేపు చూశాడు.

"వాళ్లంతా మా వాళ్లండి మేడం. రోజూ మాతోనే ఆడతారు," అన్నాడు. అతని మాటలో మోసం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

"ఆడేది యాడ? మీరు ఆడతా ఉంటే బాల్ ఎత్తకొచ్చేది దా," అంది కౌసల్య.

జోనల్ అధికారి మాట నిలబెట్టుకున్నారు. పాఠశాలలు తెరిచే నాటికి మైదానం గేటు దగ్గర వేళల బోర్డు పెట్టారు. మంగళ, గురువారాల్లో ఒక సగంలో త్రోబాల్, ఇంకో సగంలో ఆ డజను మంది బ్యాటింగ్. చైతన్య కూడా వస్తుంటాడని, బంతి ఏరుకొచ్చే వంతు ఇప్పుడు అతనిదేనని నందిని చెప్పింది. జిల్లా జట్టులో కౌసల్యకీ, ఇంకొకమ్మాయికీ చోటు దొరికింది.

ఎన్నికల విభాగంలో ఇన్నేళ్లు పని చేసి, లెక్కింపు బల్ల దగ్గర ఓడినవాళ్లు ఓటర్లని తిట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. తనవే అనుకున్న ఓట్ల దగ్గరికి అభ్యర్థి వెళ్లడు. కౌసల్య తన ఐదింటినీ అలాగే పోగొట్టుకుంది. చైతన్య తన డజనునీ అలాగే పోగొట్టుకున్నాడు. ఆమెకి ఆ సంగతి ఒక రోజు ముందు తెలిసింది, అంతే తేడా. ఆ మధ్యాహ్నం నేను జాలిపడి ఆ ఐదు దరఖాస్తులు తీసుకుని ఉంటే ఆమె మైదానంలోకి వెళ్లేది కాదు. ఆ ఐదు ఓట్లూ పడేవి, ఎన్నిక ఓడిపోయేది. నేను మాత్రం ఆమెకి సాయం చేశాననే అనుకుంటూ రిటైరయ్యేదాన్ని.