మూడుబాటల కుప్ప

మా వాడకట్టులో చిలుకమ్మంత పిరికి మనిషి మరొకరు లేరు. ఉరుమంటే భయం, బల్లంటే భయం, దవాఖానలో సూదంటే ఇక చెప్పనక్కర్లేదు. అన్నిటినీ మించి గత్తరంటే భయం. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆమె పెద్ద కొడుకును గత్తరే తీసుకుపోయింది. అప్పుడు గాలి సోకిందని దిష్టి తీసి, తెల్లారేదాకా చూద్దామన్నారు. తెల్లారేసరికి పిల్లవాడు లేడు. అలాంటి మనిషి వరంగల్‌లోని మా నేతవాడలో మురుగు పారే మోరీలు శుభ్రం చేయించే పని నెత్తిన వేసుకుందంటే అది ధైర్యం కాదు, ఉత్త భయమే.

ఎనభై ఒకటి వానాకాలంలో పక్క వాడలో ఇద్దరిని వాంతులతో దవాఖానకు తీసుకుపోయారు. మున్సిపాలిటీ వాళ్లు మా వైపు ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. చిలుకమ్మ ఇల్లిల్లూ తిరిగి అమావాస్య నాడు రమ్మని బతిమాలింది. మా మగ్గాలు ఆగేది ఆ రోజే. మిగతా రోజుల్లో నేసేవాళ్లకూ, కండెలు చుట్టేవాళ్లకూ తల గోక్కునే తీరిక ఉండదు.

ఆడవాళ్లు వచ్చారు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని సలహాలిచ్చారు, అందులో మాత్రం ఏ లోటూ చేయలేదు. మోరీ పొడుగునా పేరుకున్న దారపు చిక్కులు, గంజి మడ్డి ఎత్తి గంపల్లో పోశారు. మూడుబాటల దగ్గరికి రాగానే పారలన్నీ ఆగిపోయాయి.

మూడు దారులు కలిసే ఆ చోటే వాడకట్టంతా దిష్టి తీసి పారేస్తుంది. నిమ్మకాయలు, గుడ్లు, ఎర్రన్నం, పాత చాటలు, పగిలిన కుండలు. పారేసినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు, ఇంకొకరు వాటిని ముట్టకూడదు. అలా ఏళ్ల తరబడి పెరిగిన కుప్ప మోరీకి అడ్డం పడింది. వెనక నిలిచిన మురుగు బోరింగు గద్దె దాకా వచ్చింది. అందరం తాగేది ఆ బోరింగు నీళ్లే.

"ఇయ్యాల అమాస, వదినా. దాన్ని ముట్టకు," అంది పక్కింటి విమలమ్మ.

"రేపంటే అందరు మగ్గాల కాడ ఉంటరు. మల్ల ఎవ్వలొస్తరు?"

ఎవరూ ముందుకు రాలేదు. చిలుకమ్మ పోచమ్మ తల్లిని తలుచుకుంటూ, వణికే చేతులతో ఒక్కతే కుప్పంతా లాగేసింది. ఆగిన నీళ్లు కదిలి పారాయి. సంతోషించాల్సిన వాళ్లు ఇళ్లకు పోయి తలస్నానాలు చేశారు.

మర్నాడు పొద్దుగూకే వేళకు చిలుకమ్మ కూతురు యాకమ్మకు వాంతులు పట్టుకున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. ఇక గుమ్మం నిండా జనమే.

"అమాస నాడు తొక్కరానిది తొక్కితివి. పిల్లకు సోకింది," అన్నారు. నిన్న గంపలు మోసినవాళ్లే ఆ మాట అన్నారు, అదీ నాకు ఒళ్లుమండేది.

వాళ్లన్నది చిలుకమ్మ కూడా నమ్మింది. అత్త పూలమ్మ పాత చాటలో ఎర్రన్నం, నిమ్మకాయ పెట్టి పిల్ల చుట్టూ తిప్పింది.

"పో, మూడుబాటల పడేసి రా. ఎనుకకు మర్రి చూడకు. పొద్దుగాల దాకా చూద్దాం."

చిలుకమ్మ పరుగున పోయి చాట పడేసింది. వెనక్కి తిరగకుండా అడుగులు వేసింది. కానీ 'పొద్దుగాల దాకా' అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. పెద్దవాడప్పుడూ ఇదే మాట, పారేసింది ఇదే చోట. చూస్తే పిల్ల పోతుందేమో. చూడకపోయినా పోతుందేమో. గుమ్మాల్లోంచి అందరూ చూస్తుండగా ఆగింది, వెనక్కి తిరిగింది.

చాట మోరీకి అడ్డంగా పడి ఉంది. దాని వెనక నీళ్లు అప్పుడే నిలవడం మొదలైంది. చిలుకమ్మ వెళ్లి చాట ఎత్తి, సందు చివరి చెత్తకుండీలో వేసి ఇంటికొచ్చింది.

"మర్రి చూసినవా?" అడిగింది పూలమ్మ.

"చూసిన, అత్తమ్మా."

"ఏం కనవడ్డది?"

"మనింటి చాటనే. నీళ్లకు అడ్డం పడ్డది." పిల్లను భుజాన వేసుకుంది. "నేను పొద్దుగాల దాకా చూడ. దవాఖానకు కొంటవోత."

పూలమ్మ కోడలి మొహం చూసింది. మనవడు పోయిన రోజు దిష్టి తీసింది ఆమే. తర్వాత చెప్పులు వేసుకుని, రిక్షా కోసం ముందు నడిచింది.

పిల్ల చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే కళ్లు మూసుకుంది చిలుకమ్మే, యాకమ్మ కాదు. "ఇంక జర ఆలిశ్యమైతే దక్కకపోతుండె," అంది నర్సు. పిల్ల దక్కింది.

తర్వాతి అమావాస్యకు మూడుబాటల దగ్గర మళ్లీ నిమ్మకాయలున్నాయి. చిలుకమ్మ పార తీసుకుని వచ్చింది, చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వెనకే పూలమ్మ గంప పట్టుకుని వచ్చింది. ఆమె చేతులూ వణుకుతున్నాయి.