బల్లి దూరని గదిలో టిక్కు

2022 వర్షాకాలం. బందరులో నా వినికిడి పరీక్షల క్లినిక్. నేను ఆడియాలజిస్టుని, అంటే ఎవరి చెవి ఎంత వింటుందో కొలిచి చెప్పేవాణ్ణి. నాకే సరిగ్గా వినపడదని మా ఆవిడ చాలాకాలంగా అంటోందట.

మా పనిలో రోజూ వాడే మాట 'క్లిక్'. పసిపిల్లలకు చేసే బెరా పరీక్షలో చెవిలోకి పంపే పొట్టి చప్పుడు పేరు అది. ఆ చప్పుడు మెదడు దాకా చేరిందో లేదో తలకు అంటించిన తీగలు చెబుతాయి. ఈ మాటను ఇంగ్లీషువాళ్లు ఏ ధాతువు నుంచో తవ్వి తీయలేదు. గొళ్లెం పడిన చప్పుడును విన్నది విన్నట్టు పలికారు, మనం 'టిక్కు' అన్నట్టే. తర్వాత అది స్విచ్చుకు, కెమెరాకు, కంప్యూటర్ మౌసుకు పాకింది. ఆపైన చప్పుడుతో పని లేకుండానే సినిమాలు క్లిక్ అయ్యాయి, పెళ్లిసంబంధాలు క్లిక్ అయ్యాయి. నా ప్రాక్టీసు క్లిక్ కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజు ముసురు. నాగాయలంక అవతలి నుంచి మోపిదేవి అనే ఆయన భార్య నాంచారమ్మను తీసుకొచ్చాడు. సముద్రంలో వేటకు వెళ్లే మనిషి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"మాట్లాడటం మానేసిందండి. వినపడక కాదు, భయం."

"దేనికి?"

"బల్లికండి."

నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. వాయుగుండం పట్టిన రోజుల్లో ఇద్దరూ పోట్లాడుకున్నారట. "ఈసారి వెళ్తే తిరిగి రావు" అందట ఆమె కోపంలో. వెంటనే టిక్కుమని వినిపించింది. మన ఇళ్లలో మాట మీద బల్లి పలికితే నేల మీద వేలితో కొట్టి 'సత్యం' అనుకుంటాం కదా. ఆ మాట మీద పలికేసరికి ఆయన పడవ ఒడ్డుకు లాగేశాడు. అప్పటి నుంచి ఆమె ఏం అన్నా చివర టిక్కే.

"ఇంట్లో చూరంతా దులిపామండి. బల్లి లేదు. గుడివాడలో మా చెల్లి ఇంటికి తీసుకెళ్లా. కొత్త డాబా, చీమ దూరే సందు లేదు. అక్కడా పలికింది. ఇంక నోరే మూసేసింది. నేను వేట మానేశా. ఇట్టా ఎన్నాళ్లు బతుకుతామండీ?"

ఆమెను పరీక్ష గదిలోకి తీసుకెళ్లాను. బయటి చప్పుడు రాకుండా గోడలకు మందంగా దిమ్మలు వేసిన గది. తలుపు మూస్తే మన గుండె మనకే వినబడుతుంది. ఒక రబ్బరు గొట్టం ఒక కొస ఆమె చెవిలో, రెండో కొస నా చెవిలో పెట్టుకుని, పేరు చెప్పమన్నాను.

"నాంచారమ్మ," అని గుటక వేసింది.

టిక్కు.

నా చెవిలోనే. దీన్ని ఆబ్జెక్టివ్ టిన్నిటస్ అంటారు, అంటే ఎదుటివాళ్లకూ వినిపించే చెవిమోత. అంగిలి వెనక చిన్న కండరం అదిరితే వస్తుంది. ఆమె మాట ముగించి గుటక వేసినప్పుడల్లా అదురుతోంది. చదువుకున్న సంగతే. అయినా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఒక మనిషి తలలో ఎవరో కూర్చుని తలుపు గడియ వేసినట్టుంది.

మోపిదేవిని పిలిచి గొట్టం ఆయన చెవికి ఇచ్చాను. "ఆ రోజు అన్న మాటే అనమ్మా," అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎంతో బతిమాలాక, నేల వైపు చూస్తూ అంది.

"ఈసారి వెళ్తే నువ్వు తిరిగి రావు."

ఆయన ముఖం పాలిపోయింది. పలికిందన్నమాట.

"ఇప్పుడు దానికి ఎదురు మాట అను."

"వెళ్లినా తిరిగొస్తావు."

అప్పుడూ పలికింది. ఆయన గొట్టం తీసి, "రెండిటికీ సత్యమే అంటందండి, మా ప్రెసిడెంటుగారిలాగ," అన్నాడు. నాంచారమ్మ కొంగు వెనకే నవ్వింది.

విజయవాడలో చెవి డాక్టరుగారికి చీటీ రాసిచ్చాను. మందులు మొదలయ్యాయి. పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది.

చలికాలంలో ఆమె ఒక్కతే వచ్చింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయిందని చెప్పింది. నేను గొప్పగా తలాడించాను.

"మళ్లీ రప్పించగలరా అండీ?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రోజూ ఆయన పడవెక్కేముందు 'పొద్దుగూకేలోపు వచ్చేస్తావు' అనేదాన్ని. అది టిక్కుమనేది. ధైర్యంగా వెళ్లేవాడు. ఇయ్యాల అన్నానండి. ఏం పలకలేదు. ఆయన కాసేపు నిలబడి చూసి, అట్టాగే వెళ్లిపోయాడు."

"కండరం అదురే కదమ్మా అది."

"తెలుసండి. మీరే చెప్పారుగా."

తలుపు మూసిన పరీక్ష గదిలో ఉన్నాం ఇద్దరం. "వచ్చేస్తాడులే అమ్మా," అన్నాను. అనేసి, నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. ఆమె కూడా. ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దాన్ని నేను ఆ గదిలో అంతకుముందు వినలేదు.

మోపిదేవి ఆ సాయంత్రం క్షేమంగానే ఒడ్డుకు చేరాడు. ఆమె ఫోన్ చేసి చెప్పేదాకా నేను క్లినిక్ మూయలేదు.

చప్పుడు ఆపితే వైద్యం అయిపోయినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు చెవిలో మోత అని ఎవరు వచ్చినా, గొట్టం చేతికి తీసుకోకముందే ఒక ప్రశ్న వేస్తాను: "అది మీతో ఏమంటోంది?" ఏమీ అనడం లేదని చెప్పినవాళ్లు తక్కువే.