పత్తి లెక్క తేలకముందే తెగిపోయిన బీమా

గద్వాల చుట్టుపక్కల, కంపెనీలకు విత్తనం కోసం పండించే సీడ్ పత్తిలో నాకు తెలియని చేను లేదు. అలాంటి నాకు విలువివ్వని విత్తనాల కంపెనీ మొహాన రాజీనామా విసిరికొట్టి వచ్చాను. మరుసటి నెల, పురుగుమందుల దుకాణం తరఫున తిరుగుతూ మల్దకల్ వైపు ఒక రైతుతో మాట్లాడుతుండగా ఎడమ దవడ లాగింది. ఒళ్లంతా చెమట. తిన్న బజ్జీల గ్యాసనుకుని సోడా తాగాను. తగ్గలేదు.

గద్వాల దవాఖానలో ఈసీజీ తీసి, "గ్యాస్ కాదు పెద్దాయనా, హార్ట్ అటాక్" అని అంబులెన్స్ ఎక్కించారు. పెద్ద ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు. "బ్లాక్ ముదిరింది. స్టెంట్ వెంటనే వేయాలి" అన్నాడు డాక్టరు. నా భార్య నర్సమ్మ కంపెనీ బీమా కార్డు ఇచ్చింది. కాసేపటికి బీమా డెస్కు పిల్ల నా మంచం దగ్గరికే వచ్చి ఆ కార్డు తిరిగిచ్చింది.

"ఇది చెల్లదు. జాబ్ అయిపోయిన రోజే కవర్ పోయింది."

ఫోన్లోంచి తలెత్తకుండా చెప్పింది. ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

రాజీనామా సంగతి కొంత పెంచి రాశాను. నిజానికి కంపెనీయే తీసేసింది, నెత్తి నెరిసిన సూపర్‌వైజర్లందరినీ. ఆ రోజు మేనేజరు, మీసం కూడా సరిగా రానివాడు, చెప్పడమైతే చెప్పాడు.

"కాకా, గ్రూప్ పాలసీ ఇయ్యాలతోని బందైతది. నీ పేరు మీద సొంత పాలసీకి మార్చుకో. ప్రీమియం నువ్వే కట్టుకోవాలె."

"విత్తనం టెస్టు రిజల్టే రాలే, లెక్కే తేలలే. గప్పుడే నన్నెట్ల తీసేస్తవ్‌రా?" అన్నాను.

మా సీడ్ పత్తిలో విత్తనం పంపిన రైతుకు, మొలక టెస్టు పాసై డబ్బు లెక్క తేలేదాకా కంపెనీతో సంబంధం తెగదు. నాకూ అంతే అనుకుని పాలసీ మార్చుకోలేదు. బీమావాళ్లకు పత్తి ధర్మం పట్టదని నాకేం తెలుసు?

ఇక మిగిలింది రేషన్ కార్డు మీద దొరికే సర్కారు ఉచిత వైద్య పథకం. కంపెనీ కార్డు జేబులో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎగతాళి చేసినవాణ్ని. చివరికి పౌరుషం చంపుకుని, నేనే లేచి ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటరుకు వెళ్లి కాగితాలిచ్చాను. స్టెంట్ పడింది.

ఇంటికొచ్చాక ఒళ్లు బాగుందని రక్తం పలచన చేసే మాత్రలు మానేశాను. మళ్లీ ఛాతీ పట్టేసింది. వనపర్తిలో చూపించుకుంటే, "చావాలనుంటే ముందే చెప్పండి, నా టైమన్నా మిగుల్తది" అన్నాడు డాక్టరు. నోరు మంచిది కాదు, వైద్యం మంచిది.

ఇప్పుడు రోజూ నడుస్తున్నాను, దుకాణంలో కూర్చుంటున్నాను. కొత్తగా పాలసీ అడిగితే గుండెజబ్బుకు కవర్ రావాలంటే కొన్నేళ్లు ఆగాలన్నారు. గుండెను వదిలేసి మిగిలిన ఒంటికి బీమా! వాళ్ల బొంద.

ఉద్యోగం పోయినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కంపెనీని తిట్టండి, కడుపారా తిట్టండి. కానీ దానికి ముందే బీమా ఏ రోజుదాకా ఉందో రాతపూర్వకంగా అడగండి. అది ఆగకముందే సొంత పాలసీకి మార్చుకోండి.

ఇదంతా నర్సమ్మకు చదివి వినిపించాను. పల్లికాయ ఒలుస్తూ విన్నది.

"నువ్వు కౌంటరుకు పోయినవా? లేశి కూసునే తాకత్ ఏడున్నదయ్యా నీకు? కాగితాలు నేనిచ్చిన. నువ్వేమో మంచం మీద పండుకొని, 'రేషన్ కార్డని గట్టిగ అనకే, పక్కోళ్లు ఇంటరు' అన్నవ్. సచ్చేకాడ గూడ."