పిండకూడని మూట

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో కూలింగ్ మెషిన్లు చూసే పని నాది. నా రూమ్మేట్ జగిత్యాల వైపు మనిషి, అక్కడే పైపుల పని చేసేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రమైతే బీరు లేనిదే ఉండలేకపోయేవాడట. సెలవు మీద వెళ్లడానికి ఆరు వారాలున్నాయనగా నాతో అన్నాడు:

"అన్నా, గీడ దొరకది గాబట్టి రెండేండ్లు మంచిగున్న. ఇంటికి పోయినంక మొదటి సాయంత్రమే భయమైతాంది."

కొట్లో అమ్మే మాల్ట్ డ్రింకులు అతనికి పాయసంలా తీపి. బీరులోని చేదు, మాడు వాసన ఉండాలి, మత్తు ఉండకూడదు. బీరు చేసేవాళ్లు వేయించిన గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో డబ్బా మాల్ట్ పాకం కలుపుతారని చదివాను. అక్కడిదాకా చేసి, ఈస్ట్ వేయకుండా ఆపేస్తే చాలు. ఆరు శుక్రవారాల్లో రుచి కుదిర్చి తీరాలనుకున్నాను.

రెండొందల గ్రాముల బార్లీ కాఫీ గింజ రంగు వచ్చేదాకా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, అరబ్బులు తలకు చుట్టుకునే గుత్రా గుడ్డ కొత్తది కొని, అందులో మూటగట్టాను. మూడు లీటర్ల నీళ్లు, డెబ్బై డిగ్రీలు, ముప్పై నిమిషాలు. తర్వాత పాకం కలిపి మరిగించి, చల్లార్చి, సోడా పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగాడు.

"గిది తాగితే మందేంది, మంచినీళ్లు గూడ మానేస్త."

వగరు. నాలుక గీరుకుపోయింది. అన్నీ పుస్తకంలో రాసుకుంటూ వారానికి ఒక్క అంకే మార్చాను: వేడి అరవై ఐదుకు దించాను, తర్వాతి వారం సమయం ఇరవైకి, ఆ తర్వాత గింజలు నూట యాభైకి. వగరు కదల్లేదు.

ఐదో శుక్రవారం నేను నానిన మూట తీసి పిండుతుంటే అతను పక్కన నిలబడి చూశాడు.

"చింతపండు లెక్క గట్ల పిసుకుతున్నవేందే? పొట్టుల వగరంత అండ్లకే దిగుతాంది."

చింతపండు పిప్పిలో చుక్క మిగిలితే మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఆ పిండడం నా చేతికి ఎంత అలవాటంటే, దాన్ని కూడా రాసుకోవాలని నాకు తట్టనేలేదు.

ఆరో శుక్రవారం మొదటి లెక్కలకే తిరిగి వెళ్లాం. అన్నీ అతనే చేశాడు. మూటను గిన్నె మీద చపాతీ కర్రకు కట్టి, దానంతటదే కారనిచ్చాడు. నా చేయి రెండుసార్లు ముందుకు పోయింది.

"చేతులు ఎన్కకు పెట్టుకో అన్నా."

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. చేదుంది, వగరు లేదు. రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. వెళ్లేటప్పుడు పెట్టెలో గింజలు, పాకం డబ్బా సర్దుకున్నాడు.

ఊరు చేరిన మొదటి సాయంత్రమే ఫోన్ చేశాడు.

"బామ్మర్దులు సీసాలు తెచ్చి బయట కూసున్నరు. రమ్మని పిలుస్తున్నరు. నేను మూట ఏలాడగట్టి గిన్నె కాడున్న."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

కారడం అయ్యేదాకా ఫోన్ పెట్టొద్దన్నాను. తర్వాత మరిగేదాకా, చల్లారేదాకా మాట్లాడాం. గంటా పన్నెండు నిమిషాలకు అతను గ్లాసులో పోసుకున్న చప్పుడు విని, అప్పుడు పెట్టేశాను.