పురిటి బిడ్డకు పాత చీర

బీరువాలో మడతపెట్టిన బట్టల మధ్య చెయ్యి పెట్టే ముందు ఇప్పటికీ నేను తలుపు మీద రెండుసార్లు తడతాను. మా ఇంటావిడ మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వదు. ఆ తుపాను తర్వాత పట్టుకున్న భయం, ఇంకా వదల్లేదు.

ఆ కార్తీకంలో మూడు రోజులు వాన ఆగలేదు. తిరుపతిలో మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు పారాయి. మాకు రెండు పరుపులు తడిశాయి, అంతే. ఏర్పేడు దాటి లోపలికి పోతే స్వర్ణముఖి అవతలి ఒడ్డున ఒక చిన్న కాలనీ ఉంది. అక్కడ ఇళ్ళే కూలిపోయాయి. నేనప్పుడు పత్రికలో జిల్లా పేజీలు చూసేవాణ్ణి. కాలనీకి వెళ్ళొచ్చిన మా విలేకరి, "కట్టుకున్న గుడ్డ తప్ప ఏమీ మిగల్లేదు సార్" అన్నాడు. ఆ మాట పట్టుకుని, సాయం చెయ్యమని కోరుతూ చిన్న వార్త రాశాను. చివర్లో "పాత బట్టలున్నా ఇవ్వవచ్చు" అని ఒక ముక్క తగిలించాను.

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన దేనికీ అంత స్పందన రాలేదు. రెండు రోజుల్లో ఆఫీసు మెట్ల కింద గది నిండిపోయింది. బియ్యం, బకెట్లు, చాపలు, కొవ్వొత్తులు వచ్చాయి. వాటికి నాలుగింతలు బట్టలు వచ్చాయి. కోట్లు, పట్టులంగాలు, బడి టైలు, కిటికీ పరదాలు, ఒక పెళ్ళికొడుకు తలపాగా కూడా. ఆ మూటల్లో మా అమ్మ చీరలు నాలుగున్నాయి. అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పెద్దకర్మ కాగానే ఎవరికైనా ఇచ్చెయ్యమని బంధువులు చెప్పారు. నాకు మనసొప్పక అటకమీద పెట్టెలో దాచాను. వాన రోజుల్లో పైకప్పు కారి ఆ పెట్టె కూడా తడవబోతే దించి, ఎవరికీ చెప్పకుండా ఒక మూటలో కలిపేశాను.

ఏటి మీది చప్టాపైన నీళ్ళు పారుతున్నాయి. కారు ఇవతలే వదిలి, సామానంతా ట్రాక్టరుకెత్తి దాటించాం. కాలనీవాళ్ళు బియ్యం తీసుకున్నారు, చాపలు తీసుకున్నారు. బట్టల మూటల దగ్గరకు మాత్రం ఒక్కరూ రాలేదు. నలుగురికీ పెద్దలా ఉన్న ఒక ముసలాయన కాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోబాకప్పా. ఇవి సచ్చినోళ్ళ గుడ్డలు కాదు గదా?"

"ఛ, ఛ. అట్లాంటివేం లేవు పెద్దాయనా."

"ఊరికే అడిగినా. మంచి మంచి చీరలు, నలగను గూడా నలగలేదు. బతికుండేవాళ్ళు ఇట్టాటివి ఇస్తారా?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మూటలు తిరిగి తీసుకుపోతే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారేమోనని, బడి వరండాలో ఒక మూల కుప్పగా పోయించాను. కాలనీ మొత్తానికి ఎత్తుగా, ఆరినట్టుగా ఉన్న చోటు ఆ వరండా ఒక్కటే. అది మనుషులకే కాదు, వరదలో కొట్టుకొచ్చిన ప్రతి ప్రాణికీ తెలుస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. వరదల వార్తలు ఎన్ని దిద్ది ఉంటాను! వాన వెలిశాక పాములతో జాగ్రత్త అని ఎన్నిసార్లు పేజీలో బాక్సు కట్టి వేసి ఉంటాను!

నాలుగో రోజు పాలపొడి, దోమతెరలు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం కావస్తోంది. పైన మళ్ళీ వాన పడిందేమో, చప్టా మీద నీళ్ళు ట్రాక్టరు చక్రం సగానికి ఉన్నాయి. వరండాలో బట్టల కుప్ప పోసింది పోసినట్టే ఉంది.

ఆ ముందు రాత్రే కాలనీలో ఒక కాన్పు జరిగింది. చీకట్లో ఏరు దాటించే వీలు లేక ఆశా కార్యకర్తే పురుడు పోసింది. ఆడబిడ్డ. బిడ్డ తండ్రి శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వెళ్ళి, దారులు తెగి అక్కడే చిక్కుకుపోయాడు. బాలింత దగ్గరున్నది ఆమె తల్లి ఒక్కతే. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. నేను పాలపొడి పంచుతుంటే వచ్చి నిలబడింది.

"సారూ, మీ జవుళి కొట్లో ఒక నూలు చీర తీసుకుంటా."

"తీసుకోక్కా, బిల్లెయ్యరులే" అన్నాడు ట్రాక్టరు నడిపే అతను. అందరూ నవ్వారు.

ముసలాయన అరుగు మీద నుంచే కేకేశాడు. "నీకేం కర్మమే! ఎవురి గుడ్డలో ఏమో!"

"పురిటి బిడ్డకి కొత్త గుడ్డ కప్పకూడదు గదా మామా. నా ఇంట్లో పాత గుడ్డలన్నీ ఏటిపాలాయె. నీ పంచ ఇస్తావా, చింపుకుంటా?"

"నా పంచా? ఇదొక్కటే ఉండాది మే!"

"అయితే నోరుమూసుకో."

మళ్ళీ నవ్వులు. ఆమె నా వైపు తిరిగింది. ఈసారి మొహంలో పరిహాసం లేదు.

"సచ్చినోళ్ళవి కాదు గదా సారూ?"

"కాదమ్మా" అన్నాను.

ఆమె వరండా ఎక్కింది. పైపైన ఉన్నవన్నీ పాలిస్టరు. వాటిని పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, మెత్తటి నూలు తగిలేదాకా కుడిచెయ్యి మోచేతి వరకూ కుప్పలోకి దూర్చింది. "దొరికింది" అంది. ఎడమచేత్తో చీర కొసను అందుకుని లాగుతూ "అబ్బా" అని కుడిచెయ్యి వెనక్కు తీసుకుంది. ముల్లు గుచ్చుకున్నప్పుడు అన్నట్టే, చిన్నగా అంది. చీరతోపాటు కుప్ప కదిలింది. పొట్టిగా, లావుగా, వీపు మీద గుండ్రటి మచ్చలున్న పాము ఒకటి తొందరేమీ లేనట్టు మళ్ళీ బట్టల కిందికి జారిపోయింది.

"రక్తపింజర" అన్నారెవరో.

ఒకరు తాడు తెమ్మన్నారు, ఒకరు బ్లేడు తెమ్మన్నారు. మంత్రం వేసే మనిషి పక్క ఊళ్ళో ఉన్నాడని ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. ఆశా కార్యకర్త ఒక్కతే గొంతెత్తి అరిచింది. "కట్టొద్దు, కొయ్యొద్దు! నడిపించొద్దు ఆమెను! ట్రాక్టర్ తియ్యన్నా!"

ట్రాక్టరు మీద ఆమె పక్కన నేను కూర్చున్నాను. చెయ్యి కదపకుండా పట్టుకోమని కార్యకర్త నాకు చెప్పింది. వేలి మొదట్లో రెండు చుక్కలు. వాటి నుంచి రక్తం సన్నగా కారుతోంది, తుడిస్తే మళ్ళీ కారుతోంది. చప్టా మధ్యకు వచ్చేసరికి నీళ్ళ తోపుకి ట్రాక్టరు పక్కకు జరిగినట్టనిపించింది. డ్రైవరు బండి ఆపాడు. ఎర్రటి నీళ్ళు, అంచు ఎక్కడుందో తెలియదు. "ఆపొద్దప్పా" అని నేను అరిచాను. అతను కుడి పక్కన నీటిపైకి తేలిన రాయిని గుర్తు పెట్టుకుని, చక్రం చక్రం లెక్కన ముందుకు తోశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె ఎడమచేతిలో చీర కనిపించింది. దాన్ని ఆమె ఇంకా వదల్లేదు.

లేత నీలం, సన్నటి గోధుమరంగు అంచు. కొంగు మూల చాకలి పెట్టిన నల్లసిరా గుర్తు, రెండు గీతలూ ఒక చుక్కా. మా ఇంటి గుర్తు.

ఒడ్డు చేరగానే ఆమెను నా కారులోకి మార్చాం. దారంతా ఆమె పెద్దగా ఏమీ మాట్లాడలేదు. రేణిగుంట దగ్గర మాత్రం అడిగింది. "సారూ, నాకేమన్నా అయితే బిడ్డకి నీళ్ళెవురు పోస్తారు? నా కూతురికి ఎత్తుకోను గూడా తెలీదు."

"ఏం కాదమ్మా" అన్నాను. ఆమెకు నేను చెప్పిన మాటల్లో అప్పటికి నిజమైనది ఒక్కటీ లేదు. ఇది కూడా అలాంటిదే అవుతుందేమోనని భయపడ్డాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా బల్ల మీద నిలబెట్టించింది. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తారట. గడ్డకడితే సరే. గడ్డకట్టక నీళ్ళలా జారితే విషం రక్తంలో కలిసినట్టు. ఆ గొట్టం వైపే చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె చెయ్యి మణికట్టు దాకా పొంగి, చర్మం మెరుస్తోంది. గాజులు బిగుసుకుంటుంటే నర్సు కత్తిరించింది. నిజం చెప్పి ఉంటే ఆమె ఆ కుప్పలో చెయ్యి పెట్టేది కాదు. ఇరవై నిమిషాలూ ఇదొక్కటే ఆలోచన.

డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం జారింది.

తర్వాత సెలైనులో మందు ఎక్కించారు. ఆరు గంటలకొకసారి మళ్ళీ అదే గొట్టం, అదే పరీక్ష. రెండోసారీ జారింది. మర్నాడు పొద్దున నర్సు గొట్టాన్ని తలకిందులు చేసి నా మొహం ముందు పట్టుకుంది. లోపలి రక్తం కదల్లేదు. "గడ్డ కట్టిందన్నా, కూర్చో ముందు, నువ్వు పడిపోయేట్టుండావు" అంది.

ఆమె అక్కడ ఎనిమిది రోజులుంది. అల్లుడు శ్రీసిటీ నుంచి చుట్టూ తిరిగి కాలనీకి చేరాడు. నేనీలోపు ఒకసారి వెళ్ళాను. మగవాళ్ళు పొడుగాటి కర్రలతో కుప్పను ఒక్కో గుడ్డా ఎత్తి, ఎండలో కంచె మీద ఆరేశారు. అడుగున ఇంకో పాము ఉందట. ఆ మాట విన్నాక ఆ రోజు వరండా ఎక్కలేకపోయాను. కట్టుకోడానికి ఆ బట్టలు ఎవరూ తీసుకోలేదు. కానీ ఆడవాళ్ళు వాటిని ఉడకేసి, పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు తలపాగా ఒక బొంతకు అంచైంది. బొంతకైతే ఎవరి గుడ్డన్న పట్టింపు లేదన్నాడు ముసలాయన. ఇంటికొక బొంత వచ్చింది. టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెల్లో ఆ చలికాలం వాటితోనే గడిచింది.

నీలం చీర మాత్రం నా కారు వెనక సీట్లో ఉండిపోయింది. ఇంటికి తెచ్చి కర్రతో ఎత్తి బకెట్లో వేశాను. రెండుసార్లు ఉతికి ఆరేశాను. ఆమె ఇంటికి చేరిన మూడోరోజు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. గుడిసె ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని ఉంది. కుడిచేతి వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు.

సంచి తెరవకుండానే చెప్పాను. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పినానమ్మా. ఆ చీర మా అమ్మది. ఆమె పోయింది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. పక్కనే బొంత కుడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు సూదులు ఆపారు.

"ఎన్నేండ్లు బతికింది మీ యమ్మ?"

"ఎనభై ఆరు."

"మంచాన పడిందా?"

"లేదు. ఆ పొద్దున కూడా కాఫీ అడిగి తాగింది."

"మరి ఆ మాట ముందే సెప్పుంటే అయిపోయేది గదా సారూ" అంది. "అంత ఆయుసు ఉండే మనిషి గుడ్డ పురిటి బిడ్డకి యాడ దొరకతాది? యెతుక్కుంటా పోయి అడుక్కుంటారు." ఎడమచెయ్యి చాపింది. "ఈడియ్యి."

సంచిలోంచి చీర తీసి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి ఉన్నట్టుండి వెనక్కు పోయింది. బిడ్డను కాళ్ళ మీది నుంచి గుండెకు ఎత్తుకుంది.

"దులుపు" అంది. "అట్ట దూరంగా పోయి, బాగా దులిపి ఇయ్యి."

ఉతికిన చీర అని నాకు తెలుసు. సంచిలో నేనే మడతపెట్టానని తెలుసు. అయినా కంచె దాకా నడిచి, కొసలు రెండూ పట్టుకుని దులిపాను. ఒకసారి, రెండుసార్లు. ఆమె చాలన్నదాకా దులుపుతూనే ఉన్నాను.